నాలుగు నలభై రెండుకు పెట్టిన వేలు

నా భార్య వజ్రమ్మను చంపింది వేలిముద్రల మిషన్. దీని మీద నాకు ఎవరితోనూ వాదన లేదు. ముప్పై ఒక్క ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు ఆమెవి. వేళ్ల మీది గీతలన్నీ తునికాకు మీదే అరిగిపోయాయి. ఆసుపత్రిలో వేలిముద్ర కలిస్తేనే చేర్చుకునే కార్డు కౌంటర్ దగ్గర మూడు రోజులు వరసగా వేలు పెట్టింది. మూడు రోజులూ ఎర్ర లైటే వెలిగింది. నాలుగో రోజు వేలు పెట్టడానికి మనిషి లేదు.

అప్పుడు నేను పోలీసు శాఖలో వేలిముద్రలు చదివే ఉద్యోగంలో ఉన్నాను. ఏఎస్సైగా రిటైరయ్యాను. ఇప్పుడు జగిత్యాలలో ఒక గది పెట్టుకుని, స్టేషన్ మీద నమ్మకం పోయినవాళ్లు తెచ్చే కేసులు చూస్తున్నాను. నా పేరు సారయ్య. మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే ఉండేది. మిగతా చదువంతా ముద్రల మీదే చదివాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి సిరిసిల్ల నుంచి ఒక మనిషి వచ్చింది. పేరు నీల. ముప్పై రెండేళ్లుంటాయి. భర్త పరశురాములు పవర్లూమ్ కార్మికుడు. ఆమె ఇంట్లో మిషన్ మీద లంగాలు కుడుతుంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మా ఆయనను కోరుట్ల పోలీసోళ్లు పట్టుకపోయిన్లు సార్. మనిషిని చంపిండంటున్లు."

"చంపిండా?"

"లేదు. గప్పుడు ఆయన సిరిసిల్లల మగ్గాల మీదున్నడు. గది మీరు రుజువు జేయాలె. గంతే."

గంతే అన్న మాట నాకు నచ్చలేదు. భర్త లాకప్‌లో ఉన్న ఆడమనిషి నన్ను ఏది చూడాలో, ఎంతవరకు చూడాలో ముందే కొలిచి చెప్తోంది. సంచిలో నుంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎడమచేతి చూపుడు వేలి గోరు మధ్యకు చీలి నల్లబడి ఉంది. కాగితం పెట్టగానే ఆ చేయి కొంగులోకి పోయింది.

ఆమె చెప్పింది ఇది. పరశురాములు గల్ఫ్‌కు పోవాలి. వీసా వచ్చింది. వేలిముద్రలు ఇవ్వడానికి సోమవారమే ఆఖరి రోజు. కోరుట్లలో ఏజెంటు భూమయ్య నడిపే ముద్రల సెంటర్లో పొద్దున పదకొండింటికి అపాయింట్‌మెంట్. పోయాడు. ముద్రలు పడలేదు. రెండింటికి ఇంటికి తిరిగొచ్చి మగ్గాల మీదికి పోయాడు. అదే రోజు సాయంత్రం ఆరింటికి సెంటర్ ఆపరేటర్ అఖిల్ తల పగిలి కనపడ్డాడు. మంగళవారం సాయంత్రం పోలీసులు సిరిసిల్ల వచ్చారు.

"అరెస్టు గీ పొద్దే రాసిన్లట. రేపు పొద్దున పదిన్నరకు మెజిస్ట్రేటు ముందట పెడ్తరట. గప్పటిదాంక గీ రుజువు దొరుకకపోతే ఇగ బయటికి రాడు గద సార్."

"సోమవారం నువ్వు ఎక్కడున్నవ్?"

"నేనేడికి పోత సార్. ఇంట్లనే."

ఆమె ఈ ఒక్క జవాబే నా మొహం చూడకుండా చెప్పింది. నేను కేసు తీసుకున్నాను.

*

కోరుట్ల స్టేషన్లో ఎస్సై సాగర్. పదేళ్ల కింద నా దగ్గర ముద్రలు నేర్చుకోవడానికి వచ్చినవాడు. ఒక దొంగతనం కేసులో చదవకుండానే ముద్ర కలిసిందని రాశాడు. నేను పైకి రిపోర్టు పంపాను. రెండేళ్లు అతనికి ప్రమోషన్ ఆగింది. ఇద్దరమూ అది మరచిపోలేదు.

"రాండ్రి సార్, రాండ్రి," అన్నాడు, కుర్చీలో నుంచి లేవకుండానే. "మా ముద్దర్ల పంతులు అచ్చిండు, చాయ్ చెప్పుండ్రి. సార్, గీ కేసుల మీకేం పని లేదు. గీసారి కంప్యూటరే చదివింది. నేను సదువలే."

"ఏం చదివింది?"

ఒక కాగితం నా ముందుకు తోశాడు. సెంటర్ కంప్యూటర్లో నుంచి తీసిన పట్టిక. మధ్యలో ఒక వరస మీద పసుపు రంగు గీశాడు. పరశురాములు అప్లికేషన్ నంబరు. సాయంత్రం నాలుగు నలభై రెండు. పది వేళ్లూ పడ్డాయి. మొదటిసారికే పాస్.

"డాక్టరు చెప్పిన సావు టైం నాలుగున్నర నుంచి ఆరు. ఆరింటికి ఊడ్వనీకి అచ్చిన ముసల్ది చూసింది. నాలుగు నలభై రెండు తర్వాత ఆ మిషన్ మీద ఇంకెవలి వేలు పడలే. ఆఖరికి అచ్చినోడు ఈడే. పొద్దుగాల ముద్రలు పడలేదని అందరి ముందట లొల్లి పెట్టుకుండు. మల్ల అచ్చిండు, ముద్రలిచ్చిండు, కొట్టిండు, పోయిండు."

"దేంతో కొట్టిండు?"

"షట్టర్ గుంజే ఇనుప కొక్కెం."

"దాని మీద ముద్రలున్నయా?"

"లేవు. తుడిచిండు."

"పది వేళ్లు కంప్యూటర్ల అప్పజెప్పి, కొక్కెం తుడిచి పోయిండు."

సాగర్ చాయ్ గ్లాసు తిప్పాడు. "సదువుకోనోడు సార్. గంత తెలివి ఏడిది."

"పసుపు రంగు వేసిన వరస పైన ఏమున్నదో చదువు."

చదవలేదు. నేనే చదివాను. అదే నంబరు. పదకొండు పద్నాలుగుకు ఫెయిల్. పదకొండు పదహారుకు ఫెయిల్. పదకొండు ఇరవైకి ఫెయిల్. నాలుగు వేళ్లు పనికిరావని పక్కన ఉంది.

"పొద్దున మూడుసార్లు పడని వేళ్లు సాయంత్రం ఒక్కసారికే పడ్డయ్. అయిదు గంటలల్ల తోలు మొలుస్తదా?"

"కొబ్బరినూనె రాసుకొని అచ్చిండేమో. మగ్గాల ఆసామిని గూడ అడిగిన. మగ్గాలు నడిచినయన్నడు. మగ్గాలు నడిచినయంటే ఈడే నడిపిండని గాదు గద. పక్కోడు నడుపుతడు. ఇంకో సంగతి సార్. ఈడే ఒప్పుకుండు."

"ఏమని?"

"మీరే పోయి వినుండ్రి. నేనేం దాచ."

పరశురాములు లాకప్‌లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి. నేను ఎవరినో, ఎవరు పంపారో చెప్పాను. నీల పేరు వినగానే మొహం ముడుచుకుంది.

"ఆమెను ఇంటికాడ ఉండుమనుండ్రి సార్. ఎక్కడికీ తిరగొద్దనుండ్రి."

"సోమవారం సాయంత్రం మళ్లీ కోరుట్లకు వచ్చినవా?"

"అచ్చిన. నాలుగున్నరకు. నేనే ఇచ్చిన ముద్రలు. చంపలే. కని అచ్చింది నేనే."

"అఖిల్ ఒంటి మీద ఏ అంగి ఉండె?"

తడుముకోలేదు. "తెల్లది. సన్న గీతలు."

"చేతులు చూపించు."

ఊచల్లో నుంచి చేతులు బయటకు పెట్టాడు. బొటనవేళ్లు, చూపుడు వేళ్లు నాలుగూ నున్నగా మెరుస్తున్నాయి. మగ్గం మీద నూలు తెగినప్పుడల్లా ముడివేసే వేళ్లు అవి. రోజుకు ఎన్ని ముడులు వేస్తాడో అతనికే లెక్క తెలియదు. ఆ నాలుగు వేళ్ల మీద చదవడానికి నాకే ఏమీ లేదు. మిషన్‌కు ఏముంటుంది.

నాలుగు నలభై రెండుకు అద్దం మీద పడ్డవి ఈ వేళ్లు కావు. అది తెలిసీ ఈ మనిషి తనవేనంటున్నాడు. చంపినవాడైతే వచ్చానని ఒప్పుకోడు. రానివాడు వచ్చానని చెప్తున్నాడంటే ఆ గదిలో వేరే ఎవరో ఉన్నారు. ఆ ఎవరో ఇతని ప్రాణం కన్నా ఎక్కువ.

బయటికి వస్తుంటే సాగర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"సెంటర్ల రాసిన రిజిస్టర్ కావాలె," అన్నాను. "చూసి ఇస్త."

"సోమవారం పేజీ లేదు. చినిగి ఉంది. అఖిల్ గాడే చింపిండేమో."

"నువ్వు తీసుకున్నప్పుడే చినిగి ఉండెనా?"

"ఉండె." తర్వాత గొంతు తగ్గించాడు. "సార్, మీరు పెద్దమనిషి. చెప్తున్న. ఒకల వేలు కాడ ఒకల వేలు ఉండద్దని జీవితమంత చెప్పిన్లు. ఆసుపత్రి కౌంటర్ కాడ ఆ రోజు నేనూ ఉన్న. సొంత మనిషికే చెయ్యనోళ్లు ఇప్పుడు ఎవలికోసం తిరుగుతున్లు?"

నేను అతని పక్క నుంచి దాటి బయటికి వచ్చాను. అతను జవాబు కోసం అడగలేదు.

*

ముద్రల సెంటర్ రెండు అంతస్తుల మీద ఒకే గది. హత్య జరిగిన గదికి సీలు లేదు. మామూలు తాళం. తాళంచెవి ఊడ్చే మనిషి మొగిలవ్వ దగ్గర. అరవై దాటిన మనిషి. పదకొండున్నరకు ఆమెను వెతికి పట్టుకున్నాను.

"సీలు ఎందుకు వెయ్యలే అవ్వా?"

"నాకేమెర్క పోలీసయ్యా. నిన్న పొద్దుగాల ఎస్సై అచ్చిండు. అంత కడిగెయ్యి అన్నడు. నెత్తురు మరకలు జూసి మల్ల జనం రారట. రెండు బకెట్ల నీళ్లు పోసి కడిగిన."

లోపలికి పోయాను. గచ్చు ఫినాయిల్ వాసన కొడుతోంది. బల్ల తుడిచి ఉంది. కుర్చీలు తుడిచి ఉన్నాయి. తలుపు వెనక ఇనుప కొక్కెం వేలాడే మేకు ఖాళీగా ఉంది. తలుపు తీసి ఉన్నప్పుడు ఆ మేకు కనపడదు. ముద్రలు ఇవ్వడానికి వచ్చినవాడికి అక్కడ కొక్కెం ఉంటుందని తెలియదు. రోజూ షట్టర్ దించేవాడికి తెలుస్తుంది.

కంప్యూటర్ పెట్టె లేదు, స్టేషన్లో ఉంది. కానీ వేళ్లు పెట్టే డబ్బా బల్ల మీదే ఉంది. అరచేతి వెడల్పు అద్దం, నల్లటి అంచు. దాని వైరు నేల మీదికి వేలాడుతోంది.

"దీన్ని గూడ కడిగినవా?"

మొగిలవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "దాన్ని ముట్టలే. మొన్న దసరకు తడిబట్టతోని తుడిస్తే సగం రోజు మిషన్ చెయ్యలే. ఆ పిలగాడు నన్ను నోటికచ్చినట్లు తిట్టిండు. ఇగ జన్మల ముట్టద్దన్నడు. సచ్చిపోయిండు గదాని మాట తప్పుతనా."

నేను సాగర్‌కు నేర్పిన మొదటి పాఠం అద్దం. గదిలో అద్దం ఉంటే ముందు అద్దం చూడాలి. అతను గది కడిగించాడు, కానీ చీపురు పట్టిన మనిషి మాటకు ఎంత కట్టుబడుతుందో అతనికి తెలియదు.

"సోమవారం అఖిల్ ఏ అంగి ఏసుకుండు అవ్వా?"

"పొద్దుగాల తెల్లది. పగటీలి చాయ్ మీద పోసుకుండు. నేనే ఉతికి ఆరేసిన, ఇప్పటికీ పైన తీగె మీదనే ఉన్నది. నీలం బనీను తొడుక్కుండు. సచ్చినప్పుడు గూడ నీలందే."

పరశురాములు చూసింది పొద్దుటి అఖిల్‌ను మాత్రమే.

సంచిలో నుంచి పౌడరు, బ్రష్షు, టేపు తీశాను. మొగిలవ్వను పక్కన సాక్షిగా నిలబెట్టుకుని అద్దం మీద పౌడరు చల్లాను. బొటనవేళ్లు పెట్టిన చోట ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. ఎడమ అంచున మాత్రం నాలుగు వేళ్ల గుర్తులు విడిగా లేచాయి. ఆఖరుగా పడ్డ చేయి. చిన్న వేళ్లు. గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా, చక్కగా ఉన్నాయి. నూలు ముడి ఎరగని వేళ్లు.

చూపుడు వేలి సుడికి కొంచెం కింద గీతలు ఆగిపోయి ఒక గుండ్రటి తెల్ల చుక్క ఉంది. బియ్యపు గింజలో సగం. కాలిన మచ్చ అంత గుండ్రంగా ఉండదు. కోసుకుంటే గీత పడుతుంది. ఇది లోపలికి దిగి బయటికి వచ్చిన మచ్చ.

నేను ఆ చుక్కను చాలాసేపు చూశాను. తర్వాత టేపు అంటించి, లేపి, నల్ల కాగితం మీద వేశాను. తేదీ, సమయం రాశాను. పన్నెండు పది. మొగిలవ్వ కింద వేలు వేసింది.

"అవ్వా, ఎస్సై రిజిస్టర్ తీసుకున్నప్పుడు నువ్వున్నవా?"

"నేనే చేతికిచ్చిన. అచ్చినోళ్లంత గండ్లనే పేరు రాయాలె, లేకుంటె వేలు ఎయ్యాలె."

"పేజీ చినిగి ఉండెనా?"

"చినుగుడేంది. గట్టి పుస్తకం. సోమవారం పేజీ తెరిచే ఉండె, దాని మీద పెన్ను గూడ ఉండె. పెన్ను నేను దాచుకున్న. అద్దంటె ఇస్త."

పెన్ను ఆమెనే ఉంచుకోమన్నాను.

*

సిరిసిల్లకు చేరేసరికి మూడు నలభై. ముందు మగ్గాల షెడ్డుకు పోయాను. మగ్గాలు నడిపించే ఆసామి హన్మండ్లు చప్పుడులో నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. సోమవారం రెండున్నర నుంచి ఎనిమిదింటిదాకా పరశురాములు ఆరు మగ్గాల మీద ఉన్నాడు. మధ్యలో ఒకసారి బీడీకి బయటికి పోయాడు. పది నిమిషాలు. ఎస్సైకి చెప్పాడట. ఎస్సై రాసుకోలేదట.

పరశురాములు ఇల్లు షెడ్డు వెనకే. నీల ఒక్కతే కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. బట్ట సూది కింద ఉంది కానీ మిషన్ తిరగడం లేదు. నన్ను చూసి లేచింది. కుర్చీ వేసింది. ఈసారి నేను కూర్చోలేదు.

"దొరికిందా సార్ రుజువు?"

"దొరికింది. ఆయన అక్కడ లేడు."

ఊపిరి వదిలింది. నేను నల్ల కాగితం తీసి కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాను.

"నువ్వున్నవ్."

ఆమె ఎడమచేయి మళ్లీ కొంగులోకి పోయింది.

"సూది ఎప్పుడు దిగింది వేలుకు?"

"మొన్న ఉగాదికి. గోటి మీదికెల్లి దిగి కిందికెల్లి అచ్చింది. ఆయననే కటింగ్ ప్లేరుతోని గుంజిండు."

"ఎందుకు పోయినవ్?"

"భూమయ్య ఫోన్ జేసిండు. రెండుంబావుకు. మీ ఆయన ముద్రలు పడలేదు, గీ పొద్దుతోని గడువు అయిపోతది, ఇంట్ల మంచి వేళ్లున్నోళ్లు ఎవలన్న నాలుగున్నర వరకు రాండ్రి అన్నడు. ఆయన అప్పుడే ఇంటికచ్చిండు. ఆయనకు మగ్గాలున్నయ్. నేను రెండున్నర బస్సెక్కిన."

"మొగుడి వీసాకు పెండ్లాం వేలు ఎట్ల నడుస్తదనుకున్నవ్?"

నన్ను వింతగా చూసింది. నేనే తెలివితక్కువ మాట అడిగినట్టు.

"రేషన్ దుకాణంల నడుస్తలేదా సార్? నేను పోతె నా వేలు, ఆయన పోతె ఆయన వేలు, అత్తమ్మ పోతె అత్తమ్మ వేలు. కార్డు ఒక్కటే గద. ఇంట్ల ఎవలి వేలైనా బియ్యమిస్తరు. ఆయన వేళ్లు అక్కడ గూడ పడయ్. పన్నెండేండ్ల సంది ఆయన బియ్యానికి నా వేలే పెడుతున్న. గిది గూడ గట్లనే అనుకున్న. రిజిస్టర్ల గూడ నా పేరే రాసిన. అచ్చింది నేనైతే ఆయన పేరు ఎందుకు రాస్త?"

దొంగతనం చేసేవాడు తన పేరు రాయడు. ఈమె రాసింది. మొగుడి నంబరు ఎదుట, తన చేత్తో, నీల అని.

"అఖిల్ ఏమన్నడు?"

"ముద్రలు తీసుకుండు. తీసుకున్నంక గమ్మున కూసుండు. నేను లేచిన. అక్కా, బావను పంపకు అన్నడు. ఎందుకురా అన్న. అక్కడ విమానం దిగంగనే మల్ల వేలు పెట్టుమంటరు, కలువకపోతె జైల్ల ఏస్తరు, ఇప్పటికే పదకొండు మందిని ఏసిన్లు, వాళ్లందరి పేర్లు నేను రాసిపెట్టిన అన్నడు. గప్పుడే భూమయ్య మెట్లెక్కి అచ్చిండు. నువ్వు పో అన్నడు నన్ను. నేను దిగుతుంటె లొల్లి ఇనబడ్డది. ఇగ నాతోని గాదు అంటున్నడు అఖిల్. షట్టర్ సగం దించిన సప్పుడు ఇనబడ్డది. నాకు బస్సుండె. పోయిన."

"టైం?"

"ఐదుకు పది తక్కువ. ఐదు బస్సు దొరికింది."

"పరశురాములుకు ఇదంతా తెలుసా?"

"ఆ పొద్దే చెప్పిన. పోలీసులు వచ్చి నాలుగు నలభై రెండుకు ఎవలచ్చిన్లు అని అడిగితె నేను నోరు తెరువకముందే నేనే అన్నడు." కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఏడవడం లేదు. "నా తప్పు బయట పడకుంట ఆయన బయట పడుతడేమోనని మీ తానికచ్చిన సార్. మగ్గాల మీదున్నడని మీరు రుజువు జేస్తె నా ముచ్చట రాదనుకున్న."

"పొద్దున అబద్ధం చెప్పినవ్ నాకు."

"చెప్పిన."

"ఇంకేం దాచినవ్?"

ఆమె లేచి తలుపు దగ్గరికి పోయి వీధి చూసి వచ్చింది. "పగటీలి భూమయ్య అచ్చిండు. ఒక కాయితం చూపిచ్చిండు. రిజిస్టర్ పేజీ. నా పేరున్నది. ఇది పోలీసోళ్లకిస్తె నువ్వు గూడ లోపలికే, ఇంట్ల ముసలిది, పోరగాండ్లు ఏం గావాలె అన్నడు. ఐదింటికి కారు తెస్త, వకీలు తానికి పోదాం, నువ్వొక్కదానివే రా, ఎవలికీ చెప్పకు అన్నడు."

గడియారం చూశాను. నాలుగు ముప్పై ఎనిమిది.

"ఆ పేజీ నీ కండ్లతోని చూసినవా? జిరాక్సా, అసలుదా?"

"అసలుదే. నేను రాసిన నీలం పెన్ను. అంచు చినిగి ఉన్నది."

మంగళవారం పొద్దున పేజీ పుస్తకంలో ఉంది. మొగిలవ్వ చేత్తో ఇచ్చింది. తీసుకున్నది ఒకే ఒక్క చేయి. బుధవారం మధ్యాహ్నానికి అది భూమయ్య జేబులో ఉంది. సాగర్‌కు మొదటి రోజే తెలుసు ఆ వేళ్లు ఎవరివో. అతనికి హంతకుడు అక్కర్లేదు, భూమయ్య బయట ఉండాలి. ఒప్పుకున్నవాడు ఒకడు ఉన్నాడు, నోరు మూయాల్సిన సాక్షి ఒకామె ఉంది. పదకొండు మంది పేర్లు ఉన్న కాగితం ఎక్కడుందో వాళ్లకు ఇంకా దొరికినట్టు లేదు. ఈమెకు అఖిల్ ఏం చెప్పాడో కనుక్కున్న తర్వాత ఈమె అక్కర్లేదు.

"ఆ కారు వకీలు తానికి పోదు," అన్నాను.

"నాకూ గట్లనే అనిపిస్తున్నది."

"నాతో రా. కోరుట్ల స్టేషన్‌కు కాదు. జగిత్యాలకు. రేపు పదిన్నరకు మెజిస్ట్రేటు ముందు నువ్వే నిలబడి చెప్పాలె. వేలు నాది, ముద్రలిచ్చిన మనిషిని నేను, నా వెనక వచ్చింది భూమయ్య అని."

"నా మీద కేసు అయితది గద."

"అయితది. ఒకరి వేలు కాడ ఒకరి వేలు పెట్టుడు నేరమే. దానికి శిక్ష ఉంటది. హత్యకు పడే శిక్ష కాదు."

ఆమె నల్ల కాగితం వైపు చూస్తోంది.

"పొద్దుగాల కోరుట్ల ఎస్సై ఫోన్ జేసిండు," అంది. "ఆ ముసలాయనను నమ్ముకున్నవా అన్నడు. సొంత పెండ్లాన్ని రూలు కోసం సంపుకున్న మనిషి అన్నడు. నిజమేనా సార్?"

నాలుగు నలభై రెండయింది. ఆ నిమిషం గడియారంలో నేనే చూశాను.

"మూడో రోజు," అన్నాను. "కౌంటర్ కాడి పిలగాడు జాలిపడ్డడు. కార్డుల మీ పేరు గూడ ఉన్నది, మీరు వేలు పెట్టుండ్రి సార్, ఎవలు జూస్తరు, సంతకం నేను జేస్త అన్నడు. వజ్రమ్మ చక్రాల కుర్చీల ఉంది. నా మొహం చూసింది. రోగి ఆమె, ముద్ర ఆమెదే పడాలె అన్న. రేపు వస్తమన్న. ఇంటికి పోయేటప్పుడు ఆటోల నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు ఒక్కటే."

నీల చూపు తిప్పుకుంది.

"మిషన్ చంపింది," అన్నాను. "అట్లనే చెప్త అందరికీ."

నల్ల కాగితం బల్ల మీది నుంచి తీశాను. ముప్పై ఏళ్లలో ఒక్క ముద్ర కూడా నేను శాఖ బయటి మనిషి చేతిలో పెట్టలేదు. ఆమె చేతిలో పెట్టాను.

"నీ వేలు. నీ దగ్గరే ఉండనీ. చింపుకుంటే నేనడగ. రేపు అక్కడ తీస్తే నీ మొగుడు బయటికి వస్తడు. నువ్వే చూసుకో బిడ్డా."

బయట కారు ఆగిన చప్పుడు. హారన్ రెండుసార్లు కొట్టాడు. నాలుగు యాభై. చెప్పిన టైముకు పది నిమిషాలు ముందు. తలుపు సందులో నుంచి చూశాను. భూమయ్య స్టీరింగ్ ముందు ఉన్నాడు. వెనక సీట్లో ఇంకొకరు ఉన్నారు. మొహం కనపడలేదు. మోకాళ్ల మీద పెట్టుకున్న పోలీసు టోపీ కనపడింది.

నీల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టలేదు. మడత పడితే ముద్ర పాడవుతుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుని, కుట్టిన లంగా ఒకటి తీసి దాంట్లో చదునుగా చుట్టింది. వెనక తలుపు తీసింది. అది మగ్గాల షెడ్డులోకి తెరుచుకుంటుంది. హన్మండ్లు మమ్మల్ని చూశాడు. మేము దాటగానే తలుపుకు అడ్డంగా నూలు మూటలు జరిపాడు.

మగ్గాల వరసల మధ్య నుంచి పోతున్నాం. నీల వెనక్కి తిరిగి ఏదో అడిగింది. చప్పుడులో మాట వినపడలేదు. పెదవుల మీద చదివాను. ఆ తర్వాత ఏమైంది సార్, అని.

ముందు చూసి నడవమన్నాను. వజ్రమ్మ మాట ఆ ఒక్కసారే చెప్పాను, ఒక్క మనిషికే. మళ్లీ ఎవరికీ చెప్పను. ఈ కేసు కోర్టుకు పోయినా, వకీలు బోను ఎక్కించి అడిగినా, చెప్పను.